రంగు పడని ఆఖరి గుడి

ఉద్దానం తీరాన, జీడితోటలు ఆగి ఇసుక మొదలయ్యే చోట, వెయ్యేళ్ల నాటి రాతిగుడి ఒకటి ఇవాళ్టికీ నిటారుగా నిలబడి ఉందంటే అందుకు కారణం ఒకే ఒక్క మనిషి. ఆయన పేరు చెప్పడానికి నాకు సిగ్గు. ఎందుకంటే ఆ మనిషిని నేనే.

కాస్త సర్దుకుంటాను. వెయ్యేళ్లని ఎవరూ తేల్చలేదు. గుడి మీద శాసనం లేదు, ఉన్నా చదివే చదువు నాకు లేదు. గైడుగా నా మొదటి ట్రిప్పులో ఆరొందలేళ్లన్నాను. జనం పెద్దగా పట్టించుకోలేదు. రెండో ట్రిప్పులో ఎనిమిదొందలన్నాను, ఒకాయన కెమెరా తీశాడు. ఇక వెనక్కి తగ్గడానికి మనసొప్పలేదు. మా డ్రైవరు పలాసలో బండి తీసేటప్పుడే అడిగేవాడు, "ఏం బావా, ఈ ట్రిప్పుకి గుడి వయసెంత?" అని. "నిటారుగా" అన్నది కూడా నిజం కాదు, గుడి సముద్రం వైపు కొంచెం ఒరిగి ఉంటుంది. "ఒకే ఒక్క మనిషి" సంగతి తర్వాత చూద్దాం.

టూరిస్టు గైడు పనిలోకి వద్దామనుకునే కుర్రాళ్లకోసం ఇది రాస్తున్నాను. ఇప్పుడు మీకు చెవిలో మైకులు, చేతిలో ఫోన్లు. ఎవరైనా ప్రశ్న అడిగితే ఫోన్లో నొక్కి చెప్పేస్తారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా దగ్గర ఉన్నదల్లా గొంతు, కాస్త ధైర్యం. పలాసలో ఒక ట్రావెల్స్‌లో నా ఉద్యోగం. అంతకు ముందు అదే ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి "పూరీ, కోణార్క్, పూరీ, కోణార్క్" అని కేకలేసేవాణ్ణి. ఓనరుకి ఒక రోజు ఆలోచన పుట్టింది. జనం డబ్బు పెట్టి పూరీ పోతున్నారు, మన చుట్టుపక్కల రాళ్లే బోలెడున్నాయి కదా అని. అలా పుట్టింది మూడు రోజుల శిథిలాలయ యాత్ర. మందస వైపు ఒక రోజు, టెక్కలి వైపు ఒక రోజు, ఉద్దానం తీరం ఒక రోజు. గొంతు బాగుందని నన్ను గైడుని చేశారు.

యాత్ర బాగానే నడిచింది, శిథిలాలు ఉన్నన్నాళ్లూ.

మా దగ్గర శిథిలాలు నిలవవు. ఏ ఊరికి నాలుగు డబ్బులొచ్చినా ముందు గుడి బాగుచేస్తారు. జీడిపప్పు వ్యాపారం ఊపందుకుందంటే నా గుండెలో రాయి పడేది. సావుకార్లు మొక్కులు తీర్చుకునేవారు, ఆ మొక్కులన్నీ నా రాళ్ల మీదే. టెక్కలి అవతల ఒక ఊళ్లో (పేరు చెప్పను, వాళ్లు ఇంకా నాతో మాట్లాడుతున్నారు) అరిగిపోయిన రాతి సింహాలుండేవి. వాటి ముందు నిలబడి నేను అరగంట చెప్పేవాణ్ణి. ఒక ట్రిప్పుకి వెళ్లేసరికి వాటికి పసుపుపచ్చ ఎనామిలు వేసి, మూతికి నల్ల మీసాలు దిద్దారు. ఇంకో గుడిలో గర్భగుడి గోడల నిండా స్నానాలగదికి వేసే టైల్సు, ఒక్కో టైలు మీద ఒక్కో దాత పేరు. మూడో చోట పూజారి ఎదురొచ్చి ఎంతో సంతోషంగా చెప్పాడు:

"పడిపోయిన రాళ్లుండేవి కదా బాబూ, పోయిన నెలే లారీలో ఎత్తించీసేం. ఇప్పుడు శుభ్రంగున్నాది."

బస్సులో ఒక పెద్దమనిషి నా భుజం తట్టి, "ఏమయ్యా, శిథిలాలు ఎప్పుడొస్తాయి?" అన్నాడు. అప్పటికి యాత్ర సగం అయిపోయింది.

ఓనరుకి ఫిర్యాదులు వెళ్లాయి. ఆయన అరిచే మనిషి కాదు, అదే ఇబ్బంది. మెల్లగా అన్నాడు: "వచ్చే ట్రిప్పు చూస్తాను. ఈసారీ జనం గొడవపెడితే రూటు ఎత్తేద్దాం. నీకేం, పూరీ, కోణార్క్ ఉంది కదా."

మళ్లీ గుమ్మం దగ్గరికి. అప్పటికే మా ఇంటావిడ చుట్టాలందరికీ "మా ఆయన గైడు" అని చెప్పుకుంది. నాకు మిగిలింది ఒక్కటే గుడి, నేను మొదట చెప్పిన ఉద్దానం గుడి. చేపలు పట్టుకునేవాళ్ల ఊరు. ఇసుక దిబ్బల్లో సగం కూరుకుపోయిన అమ్మవారి గుడి. ముందు చిన్న మండపం, దాని కప్పులోంచి ఒక పెద్ద రాతి పలక ఊడి, పక్కన ఇసుకలో పడి ఉండేది. రంగు లేదు, టైల్సు లేవు, మీసాలు లేవు. కళ్లకద్దుకునే శిథిలం!

ట్రిప్పుకి ముందు, గుడి ఇంకా పాడుగానే ఉందో లేదో చూసుకుందామని బస్సెక్కి వెళ్లాను. వెళ్లేసరికి మండపం పక్కన సిమెంటు బస్తాలు, కంకర గుట్ట. ఊళ్లో మగవాళ్లందరూ అక్కడే ఉన్నారు. ఎండాకాలం కదా, సముద్రంలో చేపల వేట నిషేధం. పడవలు ఒడ్డున బోర్లించి ఉన్నాయి. వాళ్లకి పనిలేని రోజులు అవే, అందుకే ఊరి పనులన్నీ అప్పుడే పెట్టుకుంటారు. అందరికీ పనులు పురమాయిస్తున్నది ఒక పెద్దావిడ. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని పలాస సంతకొచ్చే మనిషి, నాకు ముఖపరిచయం. మా వైపు అక్కని అప్ప అంటారు, నేనూ అప్పా అని పిలిచేవాణ్ణి.

"ఏమిటప్పా ఈ సిమెంటు?"

"అమ్మోరి గుడికి స్లాబేత్తన్నాం బాబూ. ఈ మండపం పడగొట్టీసి కొత్తది కట్టీత్తాం. పలాస సావుకారు టైల్సిత్తానన్నాడు. రంగు మాత్రం మేవే కొనుక్కుంతాం."

నేను మండపానికి అడ్డంగా నిలబడ్డాను. "పడగొట్టకప్పా! పాతగుడి ఇది. ఇలా ఉంటేనే అందం. దీన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు."

ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "నీ ఇంటి కప్పూడిపోతే, అందంగున్నాదని జనం బస్సేసుకుని సూడ్డానికొత్తే, ఊరుకుంతావేటి?"

నేను కంకర గుట్ట వైపు తిరిగాను.

"పోయిన వానలు ఈ కప్పు కన్నంలోంచి దిగీసి లోపల అమ్మోరు మోకాలిలోతు నీల్లల్లో ఉండిపోనాది. పొద్దు పొద్దున్నే నాను తప్పేలాతో తోడేదాన్ని. నీకు అందం. నాకు తోడుడు."

నిజానికి అక్కడే నమస్కారం పెట్టి వచ్చేయాల్సింది. కానీ కళ్లముందు ఆఫీసు గుమ్మం కనిపించింది. నోటికొచ్చింది అనేశాను: "అప్పా, మా బస్సులో ఒక పెద్ద స్థపతి వస్తున్నారు. గుళ్లు కట్టించడంలో ఆయనంతటివాడు లేడు. ఆయన చూసి ఎలా కట్టాలో చెబుతారు. మేమొచ్చేదాకా గోడ ముట్టుకోవద్దు."

ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. "ఇంకో వారంలో వేట తెరిసీత్తారు. పడవలు దిగిపోతే ఊల్లో సిమెంటు కలపడానికి మగోడు మిగలడు. ఆ తరవాత వానలే. నీ మాట పట్టుకుని పని ఆపీసేక ఆయన రాకపోతే ఎవుల్నడగాల?"

"నన్నడుగు."

"నిన్నే అడుగుతాను," అంది.

ఆ అనడంలో ఏదో ఉంది. తిరుగు బస్సులో నాకు పలాస దాకా చెమటలు పట్టాయి.

బస్సు బయలుదేరిన రోజు ప్రయాణికుల మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ స్థపతిని వెతికాను. చాలామంది పెన్షన్ల వాళ్లు. విశాఖపట్నం నుంచి ఒక చరిత్ర లెక్చరరు మేడమ్, ప్రతి మాటకీ "ఆధారం ఏమిటి?" అనేది. నాలుగో వరసలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. నాభిదాకా తెల్ల గడ్డం, నుదుట విభూది, మాట తక్కువ. దేవుడు పంపాడనుకున్నాను. అడిగితే, రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడట. ఉద్యోగమంతా ఆఖరి పెట్టెలో ఒక్కడే కూర్చుని, మాట్లాడే అలవాటు పోయిందట. అయినా గడ్డం గడ్డమే.

మందసలో ఎండకి, టెక్కలిలో పసుపుపచ్చ సింహాలకి జనం నీరసపడ్డారు. మేడమ్ సింహం మీసం వేలితో రుద్ది చూసి నా వైపు తిరిగింది. నేను వేరే వైపు చూశాను. ఆ సాయంత్రం టీ దగ్గర గార్డుగారి పక్కన చేరాను.

"సార్, రేపు ఆ పల్లెటూళ్లో ఎవరైనా మిమ్మల్ని ఏదైనా అడిగితే ఊరికే తల ఊపండి."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "ఎటు ఊపాలి?"

"ఎటైనా పరవాలేదు సార్."

మర్నాడు బస్సు జీడితోటలు దాటి ఇసుకలో ఆగేసరికి డప్పులు వినిపించాయి. ఊరు ఊరంతా ఎదురొచ్చింది. నేను వేలు చూపించే లోపలే గడ్డాన్ని గుర్తుపట్టేశారు. గార్డుగారి మెళ్లో బంతిపూల దండ, చేతిలో కొబ్బరిబొండాం. ఆయన్ని మండపం ముందు కుర్చీలో కూర్చోబెట్టి అప్ప చేతులు కట్టుకుని నిలబడింది.

"సూడండి బాబూ. ఎలగ కట్టమంతారు?"

గార్డుగారు తల ఊపాడు.

"ఎలగ బాబూ?"

మళ్లీ ఊపాడు, ఈసారి అడ్డంగా.

"ఆలోచిస్తున్నారు," అన్నాను నేను.

"ఈయనేం చెబుతారు?" అంది మేడమ్ గట్టిగా. "ఈయన రైల్వే గార్డు కదా!"

డప్పు ఆగిపోయింది. సముద్రం చప్పుడు అప్పుడు వినిపించింది. మా డ్రైవరు బస్సు ఇంజను కట్టేసి, తాపీగా దిగి, ఒక బొండాం తీసుకుని నీడలో కూర్చున్నాడు. వాడికి అంతా తెలుసు. "కానీ బావా," అన్నాడు, "ఇప్పుడు సెప్పు."

అప్ప కేకలెయ్యలేదు. వేస్తే బాగుండేది.

"పని ఆపించీసినావు. ఎల్లుండి పడవలు దిగుతాయి. సెంట్రింగు సెక్క కొట్టేదెప్పుడు, స్లాబేసేదెప్పుడు, అదారేదెప్పుడు? వానలొచ్చీత్తాయి. ఈయేడూ మా అమ్మోరు నీల్లల్లో నిలబడాల, నీ బస్సోలు సూడాల. అంతేనేటి?"

"అది కాదప్పా..."

"గుడికి కప్పు పడీదాకా నీ బస్సు కదల్దు." చెప్పి, నడిచి వెళ్లి బస్సు ముందు చక్రం పక్కన ఇసుకలో కూలబడింది. ఊళ్లో ఆడవాళ్లందరూ ఆవిడ పక్కన చేరారు. నా ప్రయాణికులు గొడవపెడతారనుకున్నాను. వాళ్లు కూడా నన్నే చూస్తున్నారు.

అప్పుడు గార్డుగారు గొంతు సవరించుకున్నాడు. దండ తీసి కుర్చీకి తగిలించాడు. కింద ఇసుకలో ఉన్న పలక చూపించి అడిగాడు: "ఈ రాయి ఎక్కడిది?"

"పైదే బాబూ. మా తాతలప్పుడు పడిపోనాది."

"మళ్లీ పైన పెడితే కప్పు అయినట్టే కదా."

కుర్రాళ్లు ఘొల్లున నవ్వారు. "ఏనుగుల్ని తెచ్చినారేటి బస్సులో?"

ఆయనకి కోపం రాలేదు. ఒడ్డున పడవల వైపు తిరిగాడు. "అవి నీళ్లలోంచి పైకెలా వస్తాయి?"

"దుంగలేసి, తాడు కట్టి లాగుతాం."

"అది దీనికంటే తేలికా?"

ఎవరూ నవ్వలేదు. మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక ముసలాయన లేచి పలక చుట్టూ తిరిగి, కాలితో తన్ని చూశాడు. "పడవే బరువు," అన్నాడు. అంతే. ఇక ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మండపం పక్కకి ఇసుక మొయ్యడం మొదలైంది. తట్టలు, గంపలు, బకెట్లు, మా బస్సులో భోజనాల గిన్నెలు కూడా. మండపం ఎత్తు దాకా ఏటవాలుగా ఇసుక దారి పోసి, మీద కొబ్బరి దుంగలు పరిచారు. ఒరిగిన స్తంభానికి ఇంకో దుంగ ఆసరా పెట్టారు. పెన్షన్ల వాళ్లు చెప్పులు విప్పి ఇసుక మోశారు. ఒకాయనకి బీపీ ఉందని కూర్చోమంటే, నా డబ్బులు నేనిచ్చాను, మోస్తానన్నాడు.

తాడు తెచ్చారు. పడవ తాడు, నా చెయ్యంత లావుంది. పలకకి కట్టి, మండపం మీదుగా అవతలికి వేసి, రెండు వరసలుగా మనుషుల్ని నిలబెట్టారు. మేడమ్ కొంగు దోపుకుని వచ్చి తాడు పట్టుకోబోయింది. ఆడవాళ్లు చెయ్యి పట్టి ఆపారు.

"పడవ తాడమ్మా. ఆడోలు ముట్టకూడదు. గంగమ్మకి కోపమొత్తాది."

"గంగమ్మ ఆడది కాదా?"

కొంతమంది నవ్వారు గాని చెయ్యి వదల్లేదు. అప్ప చెప్పింది: "నా పెనివిటి పడవ తాడే అది. పెల్లై ఈ ఊరొచ్చిన కాడ్నించీ దాన్ని దాటి కూడా ఎల్లనేదు నాను. రా, ఇలగ కూకో." ఈసారి ఆధారం ఏమిటని మేడమ్ అడగలేదు. వెళ్లి పక్కన కూర్చుంది.

ఎడమ వరసలో అందరికంటే ముందు నేను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. తప్పు నాది కాబట్టి తాడు కూడా నాదే అనుకున్నాను. ఐలెస్సా అని ముసలాయన మొదలెట్టాడు, అందరం అందుకున్నాం. పలక కదిలింది. నా అరిచేతులు మండిపోతున్నాయి, మడమలు ఇసుకలో దిగిపోతున్నాయి. సగం ఎక్కింది. అక్కడ ఒక దుంగ పక్కకి దొర్లింది. రాయి ఒక్కసారిగా వెనక్కి జారింది. తాడు చేతుల్లోంచి లాక్కున్నట్టయింది. ఎవరో ఒకరు భయపడి వదిలేశారు కూడా. పేరు చెప్పను, ఆ మనిషికి పెళ్లాం బిడ్డలున్నారు. మిగతావాళ్లు పళ్లబిగువున పట్టుకున్నారు. కింద ఇద్దరు దుంగలు అడ్డం తోశారు. రాయి ఆగింది. కాసేపు ఊపిరి తీసుకుని మళ్లీ ఐలెస్సా. ఈసారి ఆగలేదు. పలక అంచు దాటి, ఒక వైపు లేచి, కప్పు మీద దడాలున కూర్చుంది. మండపం మొత్తం మూలిగింది. పడుతుందనుకున్నాం. పడలేదు.

ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఎవరి కాలైనా పోయుండేది. కుర్రాళ్లూ, దయచేసి మీరు ఇలాంటివి చెయ్యకండి.

అప్ప ఒక బిందెతో నీళ్లు పైకి పంపించి పలక మీద పోయించింది. తను మండపంలోకి వెళ్లి అమ్మవారికి ఎదురుగా నిలబడి పైకి చూసింది. సందుల్లోంచి కొన్ని చుక్కలు పడ్డాయి.

"ఈ మాత్రం మా ఇంటికాడా పడతాయి," అంది. బయటికొచ్చి డ్రైవరుకి చెయ్యి ఊపింది, ఇక బండి తియ్యమని. సందుల్లోకి కొంచెం సిమెంటు కూరి, మిగిలిన బస్తాలతో బడికి అరుగు కట్టుకున్నారట. టైల్సు సావుకారు ఇంకో గుడి వెతుక్కున్నాడు.

ఓనరుకి ఈసారి ఫిర్యాదులు రాలేదు. జనం ఎంత పొగిడారంటే, ఆయన నన్ను పిలిచి, "ప్రతి ట్రిప్పుకీ ఒక రాయి లాగించు," అన్నాడు. అన్ని రాళ్లు ఎక్కడివి? ఒకటి రెండేళ్లు నడిచి రూటు దానంతటదే ఆగింది. నేను మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్లలేదు గాని, టికెట్లు రాసే బల్ల దగ్గర కూర్చుని రిటైరయ్యాను. ఒకే ఒక్క మనిషి గుడిని కాపాడాడన్న మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. గార్డుగారు అడిగాడు, ఊరు లాగింది. నా వంతు నేను ఎడమ వరసలో ముందు నిలబడ్డాను, అంతే.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కాని అచ్చుకిచ్చే ముందు ఊళ్లో ఒకరికైనా వినిపించడం మర్యాద కదా అని, మొన్న కాగితాలు పట్టుకుని వెళ్లాను. అప్ప మండపంలోనే కూర్చుని ఉంది. చూపు మందగించింది, చెవులు బాగానే ఉన్నాయి. మొదటి నుంచీ చదివాను. సింహాల మీసాల దగ్గర నవ్వింది. స్థపతి దగ్గర నా తొడ మీద ఒకటి చరిచింది. తాడు దగ్గరికొచ్చేసరికి నేను గొంతు పెంచాను. అరిచేతులు మండిపోవడం, మడమలు దిగిపోవడం, రాయి జారడం. ఆవిడ చెయ్యెత్తింది.

"ఆగాగు. నువ్వెక్కడున్నావు బాబూ అక్కడ? రాయి జారీసరికి తాడొగ్గీసి బస్సెనక్కి పరిగెట్టీసినావు. ఎడమేపు మనిసి తగ్గిపోతే ఆ తాడు నాను పట్టినాను. అది రాసుకో."